ఆటిజం ఉన్న చిన్నారులకు పాటతో పలకరింపు

“బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు, తోటి పిల్లలతో కలవడు. ఏదైనా మూలిక చెప్పండి” అని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ముందుగా బిడ్డ వినికిడిని పరీక్ష చేయించమని చెబుతాను.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించారు. ఇది తల్లి పెంపకంలోని లోపం కాదు. దీనిని పోగొట్టే మూలికగాని భస్మంగాని లేదు. పాదరసం, సీసం కలిసిన మందులు పసివారికి హాని చేస్తాయి. అయితే బిడ్డతో చెలిమి పెంచుకొనుటకు ప్రతి ఇంటిలోనూ ఒక సాధనం ఉన్నది. అదే పాట.

మాటలు ఎటు సాగుతాయో ఈ పిల్లలకు అంతుపట్టకపోవచ్చు. పాటలో లయ, పల్లవి మరల మరల వస్తాయి. తరువాత ఏమి రానున్నదో ముందే తెలియుట వలన బెదురు తగ్గి, ఎదుటివారి వైపు చూసేందుకు అవకాశం కలుగుతుంది.

ఆచరించు విధానం:

1. ప్రతిదినం ఒకే వేళలో పది నిమిషాలు, టీవీ, ఫోను కట్టివేసి, మీ గొంతుతోనే పాడవలెను. గాత్రం బాగుండనక్కరలేదు.

2. బిడ్డ గిన్నెపై దరువు వేస్తే మీరూ అదే లయలో వేయవలెను. ఆపితే ఆపవలెను.

3. బాగా తెలిసిన పాటలో చివరి మాటకు ముందు ఆగి వేచి ఉండవలెను. చూపు, నవ్వు, చిన్న శబ్దం ఏది వచ్చినా జవాబుగా భావించి వెంటనే పాట పూర్తి చేయవలెను.

4. తారంగం, చెమ్మచెక్క వంటి ఆటలు అలవాటైన పిమ్మట అక్కనో అన్ననో చేర్చి, వంతులవారీగా ఆడించవలెను.

5. చెవులు మూసుకుంటే పాట ఆపవలెను. “నన్ను చూడు” అని గడ్డం పట్టి తిప్పరాదు.

ఫలితం విషయంలో అత్యాశ తగదు. 2017లో వెలువడిన, తొమ్మిది దేశాలలో 364 మంది పిల్లలపై జరిగిన పరిశోధనలో ఐదు నెలల సంగీత చికిత్స వలన లక్షణాల తీవ్రత తగ్గినట్లు తేలలేదు. 2022లో 26 పరిశోధనలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్షలో మాత్రం పిల్లల స్థితి మొత్తంమీద మెరుగుపడే అవకాశం కనిపించింది. తోటివారితో కలివిడి విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదు.

కనుక పాటను నమ్ముకొని ఇతర శిక్షణను వాయిదా వేయరాదు. పిల్లల వైద్యుని, మాట నేర్పే నిపుణుని త్వరగా కలవవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లాలలో సత్వర గుర్తింపు కేంద్రాలు ఏర్పడినవి. బిడ్డ ఏ పాటకు ఎలా స్పందించినదీ ఒక పుస్తకంలో వ్రాసి అక్కడ చూపించండి. ఆ వివరాలు నిపుణులకు ఎంతో ఉపకరిస్తాయి.