భద్రాచలం నుంచి జెద్దా: గాలిలో కంటే రోడ్డు మీదే ఎక్కువ టైం

హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి జెద్దాకు ఆకాశమార్గంలో దాదాపు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం ఆరు గంటల లోపే చేరుస్తుంది. అదే భద్రాచలం నుంచి శంషాబాద్‌కు దాదాపు 330 కిలోమీటర్లు, కారులో ఏడు గంటలు. ఉమ్రాకు, గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లే ఏజెన్సీ కుటుంబాలు లెక్క తప్పేది ఇక్కడే. టికెట్ మీద ఉండేది గాలిలో గడిపే టైం మాత్రమే.

ఎక్కువ మంది పొరబడేది తేదీ దగ్గర. 15వ తేదీ రాత్రి 1.30కి విమానం అని టికెట్‌లో ఉంటే, ఆ రాత్రి 14వ తేదీ సాయంత్రం తర్వాత వచ్చేదే. 15న పొద్దున బయల్దేరితే విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. లెక్క వెనక నుంచి వేసుకోవాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఇమ్మిగ్రేషన్ క్యూ ఉంటుంది. అమ్మీ, అబ్బా లాంటి పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలంటే ఇంకాస్త టైం పడుతుంది. అందుకే రాత్రి 9.30కల్లా శంషాబాద్‌లో ఉండాలి. దారిలో భోజనం, నమాజ్ కలుపుకుంటే 14న ఉదయం 11 గంటలకు భద్రాచలంలో బండి కదలాలి. ఖమ్మం వాళ్లకు మూడు గంటల దాకా వెసులుబాటు ఉంటుంది.

దారి కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట మీదుగా. సిటీలోకి వెళ్లక్కర్లేదు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే చాలు. సంక్రాంతి రోజుల్లో మాత్రం పంతంగి టోల్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

వానాకాలంలో గోదావరి సంగతి వేరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. చింతూరు, కూనవరం వైపు లోతట్టు రోడ్లు అంతకంటే చాలా ముందే మునుగుతాయి. జూలై, ఆగస్టుల్లో టికెట్ ఉంటే ఒక రోజు ముందే ఖమ్మంలో చుట్టాలింటికి చేరడం మంచిది.

గన్నవరం దగ్గర కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, ఖమ్మం నుంచి విజయవాడ 120 కిలోమీటర్ల పైచిలుకే. గన్నవరం నుంచి 2022 అక్టోబరులో షార్జాకు విమానం మొదలైంది, 2023లో హజ్ విమానాలూ కదిలాయి. కానీ షార్జాలో దిగి మరో విమానం కోసం ఆరేడు గంటలు కూర్చోవాల్సి వస్తే రోడ్డు మీద మిగిలిన టైం అక్కడే పోతుంది. తెలంగాణ హజ్ యాత్రికుల విమానాలు ఎలాగూ శంషాబాద్ నుంచే.

ఇంకో తికమక గడియారంది. టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిదే. జెద్దా మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఉదయం 10కి ఎక్కి అక్కడ 1.15కి దిగితే, చూడ్డానికి మూడుంపావు గంటలే, నిజానికి ఐదు ముప్పావు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి అరగంట దాకా తగ్గుతుంది. అయినా జెద్దాలో రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి మర్నాడు తెల్లవారుజాము 5.45. తీసుకెళ్లడానికి వచ్చే డ్రైవర్‌కు చెప్పాల్సింది ఆ తేదీనే.