వందరోజులు... వానాకాలాలు!

సినిమావాళ్లకు రోజులే లెక్క! యాభై రోజులు, వందరోజులు, ఇరవై అయిదు వారాలు... ఆ లెక్కనుబట్టే దండలు, ఆ లెక్కనుబట్టే షీల్డులు. సినిమాల గురించి రాసి బతికిన నాకూ అదే అలవాటు. నా పేరు మొదటిసారి అచ్చులో పడింది ఎప్పుడని అడిగితే 1978 అనను. 'పదహారేళ్ల వయసు' వచ్చిన ఏడాది అంటాను. పెళ్లి 'సాగరసంగమం' ఏడాది, అంటే 1983. అలాంటివాడికి డెబ్బయ్యో ఏట ఇంకో లెక్క నేర్పుతోంది గండిమైసమ్మ దగ్గరున్న ఇరవై గుంటల నేల!

గండిమైసమ్మ ఎక్కడంటారా? బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద, దుండిగల్‌కి ఇవతల వచ్చే చౌరస్తా. తెలంగాణ పల్లెల్లో చెరువుకట్టను కాచే తల్లి మైసమ్మ. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలో ఆ తల్లి పేరు మండలానికీ ఎక్కింది. పొద్దున్నే దుండిగల్ వైమానిక అకాడమీ శిక్షణ విమానాలు నెత్తిమీద రొద పెడతాయి. కింద ఎనిమిది మామిళ్లు, రెండు జామలు, ఒక సీతాఫలం, ఒక బోరు, రెండు గదుల ఇల్లు. ఇదీ మన ఎస్టేటు!

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలకు పెట్టింది పేరు. పందిళ్ల నిండా అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడేవి. నటుడు చంద్రమోహన్ గారు కూడా కొంపల్లిలో ఒక ద్రాక్షతోట కొన్నారు. సేద్యం తెలియని మనిషా అంటే, కాదు! కృష్ణాజిల్లా పమిడిముక్కలలో పుట్టి, బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నవారు. కానీ 1966లో బి.ఎన్. రెడ్డిగారి 'రంగులరాట్నం'తో తెరకెక్కాక, 'సిరిసిరిమువ్వ', 'పదహారేళ్ల వయసు'... ఇక తీరికేది?

ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు. వేసవిలో కొమ్మ కోసం ఒకటి, అక్టోబరు ప్రాంతంలో కాయ కోసం ఒకటి. రెండోది తప్పితే ఆ ఏడు గుత్తి మీద ఆశ వదులుకోవాల్సిందే. కాల్షీట్లు ఖాళీ లేవంటే తీగ వింటుందా? చూసుకోలేక అమ్మేశానని, ఉంచుకునుంటే కోట్లయ్యేదని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. 2023 నవంబరు 11న ఆయన కన్నుమూసినప్పుడు ఆ కోట్ల కథే మళ్లీ మళ్లీ వినిపించింది. నన్ను కదిలించింది డబ్బు కాదు. తోట కొనగలిగారు గాని, తోటకివ్వడానికి రోజులు కొనలేకపోయారు!

నా దగ్గరికీ బ్రోకర్లు వస్తుంటారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు దుండిగల్ మీదుగా పోయాక ఇక్కడ గుంట ధర కూడా గజాల్లో చెబుతున్నారు. "నాన్నా, అమ్మేసి సిటీలో ఫ్లాటు తీసుకో. లిఫ్టు ఉంటుంది, ఆస్పత్రి దగ్గర" అంటాడు మా అబ్బాయి. వాడి మాటలో తప్పేం లేదు. నా మోకాళ్లు కూడా వాడి పార్టీయే!

అయితే ఒక సంగతి. మా ఆవిడ పోయిన ఏడాది ఏ సినిమా ఆడిందో నాకు గుర్తులేదు. తను నాటిన సీతాఫలం ఆ ఏడు విరగకాసిందనీ, కోసేవాళ్లు లేక కాయలు చెట్టుమీదే పగిలిపోయాయనీ మాత్రం గుర్తుంది. నా బతుకులో సినిమా పేరుతో గుర్తులేని మొదటి సంవత్సరం అదే.

మూడేళ్ల కిందట గాలివానకు రెండు మామిళ్లు కూలితే, వాటి చోట రెండు అంట్లు పెట్టాను. ఈ ఏడు వాటికి తొలిపూత వచ్చింది. సరిగ్గా నాకు డెబ్బై నిండిన వారంలోనే! నేను శతదినోత్సవం ఫోజులో నిలబడి చూస్తుంటే, పనికొచ్చే పెద్దాయన చకచకా పూతంతా తుంచేశాడు.

"అయ్యో, అదేమిటయ్యా?" అన్నాను.

"లేత చెట్టు సారూ! గిప్పుడే కాయనిస్తే ఎదుగుడు ఆగుతది. ఇంకో రెండేండ్లు ఓపిక పట్టాలె" అన్నాడు.

సినిమా ఫలితం మూడు రోజుల్లో తేలిపోయే కాలమిది. డెబ్బై ఏళ్లవాణ్ణి రెండేళ్లు ఆగమని చెప్పే ధైర్యం ఆయనకు తప్ప ఇంకెవరికుంది? ఆ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను: "ఫ్లాటు సంగతి తర్వాత చూద్దాం. రెండేళ్లు పోయాక మామిడిపళ్లకి రా!"