ఇరుసు చుట్టూ ఉక్కు గోళీలు

కారు నలభై కిలోమీటర్ల వేగం దాటాక ముందు చక్రం దగ్గర సన్నగా ఒక రొద మొదలవుతుంది. వేగంతో పాటు పెరుగుతుంది. క్లచ్ నొక్కినా, గేరు మార్చినా తగ్గదు. చాలామంది టైరు అరిగిందనుకుని ముందు టైర్లు మార్చేస్తారు. డబ్బు పోతుంది కానీ రొద పోదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కాస్త అటూ ఇటూ తిప్పి చూస్తే సంగతి తేలిపోతుంది. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. అప్పుడు రొద పెరిగిందంటే చాలావరకు కుడివైపు బేరింగే పోయిందని లెక్క.

ఆ బేరింగ్ చేసే చాకిరీ తక్కువేం కాదు. వెయ్యి కిలోల కారులో ఇంజనంతా ముందే ఉంటుంది కాబట్టి ఒక్కో ముందు చక్రం మీద సుమారు 300 కిలోల బరువు పడుతుంది. చిన్న కారు చక్రం కిలోమీటరుకు 500 చుట్లకు పైగా తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లు నడిచేసరికి 5 కోట్ల చుట్లు దాటుతాయి. ఇంత బరువునూ మోసేది రెండు వరసల ఉక్కు గోళీలు, అందులోనూ ఆ క్షణానికి కిందికి వచ్చిన కొన్ని మాత్రమే. గోళీ, అది దొర్లే గాడి ఒకదానినొకటి తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. గట్టి వస్తువులు రెండు ఇలా తాకినప్పుడు అక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో 1881లో లెక్క కట్టినవాడు హైన్రిష్ హెర్ట్జ్. రేడియో తరంగాలతో ఆయన పేరు మారుమోగింది కానీ, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని ఆ కుర్రవాడు రాసిన ఈ సూత్రాలు లేకుండా నేటికీ ఎవరూ బేరింగ్ డిజైన్ చెయ్యరు.

రాసుకోవడం కంటే దొర్లడం తేలికని మనిషికి ఎప్పుడో తెలుసు. మన ఎడ్లబండి చక్రం ఇరుసును రాసుకుంటూనే తిరిగేది. కందెన పూసి ఆ బాధ తగ్గించేవారు, చక్రం ఊడిపోకుండా కడశీల కొట్టేవారు. రోమ్ దగ్గరి నేమి సరస్సులో మునిగిపోయిన కలిగులా చక్రవర్తి ఓడలను 1930 ప్రాంతంలో నీరు తోడి బయటపెట్టినప్పుడు, తిరిగే వేదిక ఒకటి దొరికింది. దాని కింద కంచు గోళీలున్నాయి. లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాల్లో మరో అడుగు ముందుకేసి, గోళీలు ఒకదానినొకటి తగలకుండా విడదీసే ఏర్పాటు గీశాడు. పక్కపక్కన దొర్లే రెండు గోళీలు తగిలే చోట వాటి ఉపరితలాలు ఎదురెదురు దిశల్లో కదులుతాయి, దాంతో రాపిడి మళ్లీ మొదటికొస్తుంది. నేటి బేరింగ్‌లో గోళీలను పట్టి ఉంచే కేజ్ చేసే పని ఇదే. 1794లో వేల్స్‌లోని కార్మార్థెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసుకు గోళీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1869లో పారిస్‌లో సైకిళ్లు చేసే జూల్ సురిరే పొందిన పేటెంటుతో బాల్ బేరింగ్ సైకిలెక్కింది.

ఊహకు కొరత లేదు. దొరకనిది గుండ్రని గోళీ. పది గోళీల్లో ఒక్కటి వెంట్రుకలో పదో వంతు పెద్దదైనా బరువంతా దాని మీదే పడుతుంది, మిగతా తొమ్మిదీ ఊరికే తిరుగుతుంటాయి. ఆ పెద్దది పగిలితే వంతు తర్వాతి పెద్దదానికి వస్తుంది. ఒక్కొక్క గోళీని చేత్తో సానపట్టి ఈ చిక్కు తీర్చడం అయ్యే పని కాదు. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో గోళీలను యంత్రంతో అరగదీసే పద్ధతి తయారుచేశాడు. ఈ దారిలో ఎదిగిన యంత్రాల కిటుకు నాకు ఈ కథంతటిలోకీ ముచ్చటైనది. రెండు పళ్లేల మధ్య గోళీలన్నిటినీ కలిపి దొర్లిస్తారు. పెద్దగా ఉన్నదాని మీదే ఎక్కువ ఒత్తిడి పడుతుంది కాబట్టి అదే ముందు అరుగుతుంది. ఒక గోళీలో ఉబ్బెత్తుగా ఉన్న చోటుకూ ఇదే గతి. ఎవరూ కొలిచి సరిచేయక్కర్లేదు, గోళీలు తమలో తామే సమానమైపోతాయి. ఈనాటి మంచి గోళీ గుండ్రదనంలో తేడా మైక్రాన్‌లో పావు వంతుకు మించదు.

ష్వైన్‌ఫుర్ట్ ప్రాముఖ్యం రెండో ప్రపంచ యుద్ధంలో దానికే ముప్పయింది. జర్మనీ బేరింగుల్లో పెద్ద వాటా అక్కడే తయారవుతుందని అమెరికా బాంబర్లు 1943 ఆగస్టులో ఒకసారి, అక్టోబరు 14న మరోసారి దాడి చేశాయి. రెండో దాడికి వెళ్లిన 291 విమానాల్లో 60 తిరిగి రాలేదు. బేరింగుల తయారీ దెబ్బతిన్నది కానీ ఆగిపోలేదు.

గోళీ ఒక్కటే కారుకు చాలలేదు. మలుపులో చక్రాన్ని పక్కకు తోసే బలాన్ని నేరుగా పైనుంచి పడే బరువుకు తయారైన బేరింగ్ బాగా తట్టుకోలేదు. అమెరికాలో గుర్రపు బగ్గీలు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఒక చివర సన్నగా ఉండే రోలర్లను ఏటవాలుగా పేర్చి రెండు బలాలనూ ఒకేసారి మోయించాడు. లారీ చక్రాల్లో ఇప్పటికీ ఉండేవి అవే. చిన్న కార్ల ముందు చక్రాల్లో అదే ఏటవాలు ఉపాయం రెండు వరసల గోళీల రూపంలోకి వచ్చింది. గ్రీజు కూరి సీలు వేసి ఫ్యాక్టరీ నుంచే పంపుతారు.

స్వీడన్ ఇంజనీరు ఆర్విడ్ పామ్‌గ్రెన్ 1924లో మొదలుపెట్టిన లెక్క ప్రకారం బాల్ బేరింగ్ మీద బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మన రోడ్ల మీద దానికి మరో గండం నీళ్లు. వానలో ముంపు రోడ్డులోకి దిగేసరికి చక్రం మధ్యలోని హబ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీరు తగలగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. వేడి అన్నం గిన్నె చల్లారాక మూత బిగుసుకుపోయినట్టే లోపల పీడనం తగ్గి, సీలు అంచు నుంచి మురికి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన విజయవాడ బండ్ల లాంటి వాటికి ఇంజన్ శుభ్రం చేయించాక బేరింగుల సంగతీ చూసుకోవాలి. తుప్పు మచ్చ పడిన చోటు నుంచే పెచ్చులు లేవడం మొదలవుతుంది.

ఇంట్లో మార్చుకోవచ్చా? ఓపిక, సరైన పనిముట్లు ఉంటే మార్చుకోవచ్చు. చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే మధ్యలోని హబ్ నట్టును కొద్దిగా సడలించాలి. ఆ తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి చెయ్యి పెట్టకూడదు. చక్రం తీశాక బ్రేక్ కాలిపర్‌ను విప్పి తీగతో కట్టి వేలాడదీయాలి, గొట్టం మీద దాని బరువు పడకూడదు. ఏబీఎస్ సెన్సర్, డిస్కు, టై రాడ్, బాల్ జాయింటు విప్పాక, బేరింగ్ కూర్చున్న నకిల్ చేతికి వస్తుంది. అందులోంచి హబ్‌ను తోసినప్పుడు బేరింగ్ లోపలి రింగులో సగం హబ్‌నే పట్టుకుని మిగలడం మామూలే. దాన్ని పుల్లర్‌తో లాగాలి. పాత బేరింగ్‌ను పట్టి ఉంచే సర్క్లిప్ తియ్యడం మరిచిపోయి ప్రెస్ మీద బలం పెంచితే నకిల్ పగులుతుంది. ప్రెస్ లేనివాళ్లు నకిల్, కొత్త బేరింగ్ రెండూ పట్టుకుని లేత్ షాపుకు వెళ్లడం మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

కొత్తది ఎక్కించేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. నకిల్‌లోకి తోసేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. హబ్‌ను ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు ఆసరా ఉండాలి. తప్పు రింగు మీద నొక్కితే, సుత్తితో కొడితే మరీనూ, ఆ బలమంతా గోళీల గుండా వెళ్లి గాడిలో గుంటలు పెడుతుంది. 1900లో స్వీడన్‌కు చెందిన బ్రినెల్ లోహాల గట్టిదనం కొలవడానికి చేసిన పరీక్ష ఇదే. ఉక్కు గోళీని లోహంలోకి నొక్కి గుంట వెడల్పు చూస్తారు. మనం ఆ పరీక్ష మన కారు మీద చేసినట్టవుతుంది, కొత్త బేరింగ్ మొదటి రోజే అరుస్తుంది.

ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్ ఒక పక్క సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది. పేపర్ క్లిప్ ఆనిస్తే సన్నగా అంటుకునే ఆ ముఖం సెన్సర్ వైపు రావాలి. తిరగేసి ఎక్కిస్తే చక్రం బాగానే తిరుగుతుంది, డాష్‌బోర్డులో మాత్రం ఏబీఎస్ దీపం వెలుగుతూనే ఉంటుంది, పని మళ్లీ మొదటి నుంచి.

చివరిది నట్టు. లోపలి రింగు రెండు సగాలుగా ఉంటుంది, వాటిని కలిపి బిగించి పట్టేది ఆ నట్టే. లారీ చక్రానికి మెకానిక్ నట్టును బిగించి, కాస్త వెనక్కి తిప్పి, చేత్తో ఆట చూసి పిన్ను పెడతాడు. కారు బేరింగ్‌లో ఆ సందును ఫ్యాక్టరీలోనే సానపట్టి పంపారు, కాబట్టి వెనక్కి తిప్పే పని లేదు. కంపెనీ చెప్పిన టార్కు, చాలా కార్లలో 200 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, అంటే అడుగు పొడవు రాడ్డు చివర 65 కిలోల మనిషి నిలబడినంత బలం ఇవ్వాలి. పాత నట్టు వాడకూడదు. కారు స్టాండు మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే కొత్త నట్టును టార్క్ రెంచితో బిగించి, దాని అంచును ఇరుసు గాడిలోకి నొక్కాకే చక్రాన్ని నేలకు దించాలి.