కణంలో దీపం... నానో రేణువు!

మందు వేసుకున్నాం సరే, అది చేరాల్సిన కణంలోకే చేరిందా? కళ్లతో చూడగలిగితే ఎంత బాగుండు! ప్రయోగశాలల్లో అది సాధ్యమవుతోంది. హైదరాబాద్‌లో అయితే ఓ ఆకు రసంతోనే!

ఖైరతాబాద్ దాటి పంజాగుట్ట వైపు వెళితే నిమ్స్ ఆసుపత్రి. స్కానింగ్ ఫిల్ములు చేతపట్టుకున్న రోగులు అక్కడ నిత్యం కనిపిస్తారు. సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్లు గడ్డ ఎక్కడుందో చూపిస్తాయి. కానీ ఒక్కో కణాన్నీ విడిగా చూపించలేవు. అందుకే శాస్త్రవేత్తలు మెరిసే నానో రేణువుల వెంట పడ్డారు.

ఏమిటీ మెరుపు?

షుగర్ ఉన్నవారికి కొన్నిసార్లు కంటి పరీక్షలో ఫ్లోరెసీన్ అనే రంగుమందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. నీలికాంతి పడగానే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. రెటీనాలో రక్తనాళం ఎక్కడ కారుతోందో ఫొటోలో తెలిసిపోతుంది. నానో రేణువులదీ అదే సూత్రం... ఒక రంగు కాంతిని పీల్చుకుని మరో రంగులో వెదజల్లడం.

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మామూలు రంగులు మైక్రోస్కోపు వెలుగులో త్వరగా వెలిసిపోతాయి. క్వాంటమ్ డాట్లనే నానో రేణువులు చాలాసేపు నిలుస్తాయి. పైగా పదార్థం ఒకటే అయినా, సైజును బట్టి రంగు మారుతుంది. చిన్నవి నీలంగా, కాస్త పెద్దవి ఎర్రగా! వీటిని కనుగొని, తయారీ తీర్చిదిద్దినందుకే బావెండి, బ్రస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

మన తార్నాకలో...

తార్నాకలోని ఐఐసీటీలో చిత్తరంజన్ పాత్ర బృందం మరో దారి తొక్కింది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఒలాక్స్ స్కాండెన్స్ అనే మొక్క ఆకుల రసం కలిపి వెండి నానో రేణువులు తయారుచేసింది. అవి క్యాన్సర్ కణాల్లోకి చేరి ఎర్రగా మెరిశాయి. ఆ కణాలను దెబ్బతీశాయి, బ్యాక్టీరియానూ అడ్డుకున్నాయి. మందును మోసుకెళ్లే వాహనంగానూ పనికొస్తాయన్నది వారి ఆశ. 'ఒకదానిలో నాలుగు'గా పేర్కొన్న ఈ పరిశోధన 2014లో వెలువడింది.

మరి ఆసుపత్రికి ఎప్పుడు?

తార్నాక నుంచి పంజాగుట్టకు సిటీ బస్సులో వెళ్లిపోవచ్చు. ప్రయోగశాల నుంచి రోగి మంచం దాకా దారి మాత్రం అంత సులువు కాదు. గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో కనిపించిన ఫలితం మనిషి ఒంట్లోనూ కనిపించాలని లేదు. చాలా క్వాంటమ్ డాట్లలో ఉండే కాడ్మియం విషం. పని అయ్యాక రేణువులు బయటికి పోతాయా, కాలేయంలో పేరుకుంటాయా అన్నది తేలాలి. మామూలు వెలుగు కండను దాటి లోతుకు వెళ్లలేదు కూడా.

కాబట్టి 'నానో'తో రోగాలన్నీ ఇట్టే పట్టేస్తామనే ప్రకటన కనిపిస్తే తొందరపడకండి. మనుషుల మీద పరీక్షించారా అని ముందు మీ డాక్టరును అడగండి!