పెళుసు ఎముకలతో పుట్టే పసికందులు

ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా సుమారు 15,000–20,000 కాన్పులకు ఒకరిలో కనిపించే జన్యువ్యాధి. ఎముకకు పటుత్వమిచ్చే టైప్-1 కొల్లాజెన్ లోపమే చాలామందిలో దీనికి మూలం. తల్లిదండ్రుల్లో లేని జన్యుమార్పు బిడ్డలో కొత్తగా రావచ్చు. మేనరికాల్లో మాత్రం ఇద్దరి నుంచీ సంక్రమించే అరుదైన రకాలకు అవకాశం పెరుగుతుంది.

తీవ్రరకమైతే గర్భిణులు ఐదో నెలలో చేయించుకునే టిఫా స్కాన్‌లోనే వంగిన, పొట్టి తొడ ఎముకలు బయటపడవచ్చు. జన్యు సలహాకు హైదరాబాద్‌లో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది.

పుట్టాక స్నానం దగ్గర కూడా గండమే. కాళ్ల మీద పడుకోబెట్టి నూనెతో గట్టిగా మర్దన చేయడం, కాళ్లూ చేతులూ సాగదీయడం ఈ బిడ్డలకు పనికిరావు, చేసేవి ఎంత అనుభవమున్న చేతులైనా సరే. డైపర్ మార్చేటప్పుడు మడమలు పట్టి ఎత్తకూడదు. పిరుదుల కింద చెయ్యి పెట్టి లేపాలి. పామిడ్రోనేట్ వంటి మందులు ఎముక సాంద్రతను పెంచుతాయి గానీ జన్యులోపాన్ని సరిచేయవు.