ఆరిపోవు వేళ కంప్యూటరు నిద్ర

సైనిక్‌పురికి చేరువనున్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో నెలకొన్నది. తొలినాళ్లలో అది నిర్మించిన టి.డి.సి. కంప్యూటర్లలో సమాచారము సన్నని అయస్కాంత వలయములందు నిలిచియుండెడిది. విద్యుత్తు పోయినను ఆ వలయముల స్థితి మారదు. నేడు ఆ పేటలో మనము వాడు ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాని ర్యామునకు ఎడతెగక విద్యుత్తు అందవలెను; అందనిచో అందున్నదంతయు మాసిపోవును. కంప్యూటరు నిద్రించుటకును, పూర్తిగా ఆరుటకును గల భేదమునకు మూలమిదియే.

నిద్రలో యంత్రము కొద్దిపాటి విద్యుత్తుతో ర్యామును కాపాడుకొనుచు తక్కిన పనులు మానును. షట్‌డౌన్ అట్లు కాదు. తెరచియున్న ప్రోగ్రాములకు వర్తమానము పోవును. అవి తమ పని చక్కబెట్టుకొని వైదొలగును. డిస్కుపై వ్రాయవలసిన శేషము వ్రాయబడును. అటుపిమ్మటనే విద్యుత్తు తెగును. అప్‌డేట్లు చేరుచున్న దినమున దీనికి చాలసేపు పట్టవచ్చును.

చిక్కు ఇచ్చటనే. ఇ.సి.ఐ.ఎల్. కూడలిలో బస్సు అందుకొనవలెనను తొందరలో ఒక విద్యార్థి షట్‌డౌన్ నొక్కి, వెంటనే మూత మూసి, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టెననుకొందము. మూత మూసిన నిద్రపొమ్మని యంత్రమునకు ముందే ఆజ్ఞ కలదు. మొదటి ఆజ్ఞ ముగియకముందే రెండవది వచ్చిపడినది. అట్టివేళ కొన్ని యంత్రములు పని సగములో నుండగనే నిద్రించును. మరునాడు మూత తెరువగా, మిగిలిన షట్‌డౌన్ సాగి, కన్నులెదుటనే ఆరిపోవును! అంతటితో పోయిన మేలే. రాత్రి బ్యాటరీ అడుగంటినచో డిస్కు చేరని వ్రాత పోయినట్లే. సగము చేరిన అప్‌డేట్ వలన యంత్రము లేవకపోవుటయు కలదు.

దీపము ఆరునంతవరకు మూత మూయకుండుట అన్నింటికంటె సులభము. అంత ఓపిక లేనివారు విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరచి, పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ఏమియు చేయవలదను ఏర్పాటును ఎన్నుకొనవచ్చును. బ్యాటరీపై నడచునప్పటికి ఒకటి, ప్లగ్గులో నున్నప్పటికి ఒకటి, రెండు గడులుండును, రెండింటిని మార్చవలెను. కాని అటుపై మూత మూసినంతనే యంత్రము నిద్రించినదని తలచి సంచిలో దూర్చరాదు. అది మేల్కొనియే యుండి వేడెక్కును.

లినక్సు వాడు శ్రోతలకు ఈ బెడద తక్కువ. సిస్టమ్‌డి గల యంత్రములలో మూత సంగతి చూచునది లాగిన్‌డి అను సేవ. షట్‌డౌన్ ఆరంభమైన పిమ్మట మూత మూసినను, ఒక పని సాగుచున్నదని అది నిద్రాజ్ఞను పెడచెవిని పెట్టును. మన తొందర తెలిసినవారే ఈ ఏర్పాటు చేసిరని మాకు తోచును.