బోణీ కాకముందే తొమ్మిది వందలు

మొన్నొక ఆదివారం బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. చెల్లి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. నన్ను చూడగానే లెక్కల నోట్సు తెచ్చి ముందు పెట్టింది. ఇంజినీరింగ్ చదివిన అన్నయ్య దొరికితే ఎవరైనా చేసే పనే అది.

ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్ − 6 అయితే ఎఫ్(0) ఎంత? ఇదీ లెక్క. తను ధైర్యంగా సున్నా అని రాసేసింది.

"అదెలాగే?" అన్నాను.

"సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే కదా అన్నయ్యా!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం దాకా నా బుర్రలోనూ ఎఫ్ పక్కన బ్రాకెట్ అంటే గుణకారమే. మరి మార్కులెలా వచ్చాయంటారా? పద్ధతి బట్టీ కొట్టాను, అంతే. సి లాంగ్వేజ్ ల్యాబ్‌లో నా చేత్తో ఒక ఫంక్షన్ రాశాకే అసలు సంగతి వెలిగింది. ఎఫ్ అనేది సంఖ్య కాదు, ఒక పనికి పెట్టిన పేరు. బ్రాకెట్‌లో ఉన్నది ఆ పనికి మనం అందించే సరుకు. 1734లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త ఒక వ్యాసంలో ఇలా రాశాడు, అప్పటి నుంచి ప్రపంచమంతా అలాగే రాస్తోంది. మన పుస్తకాల్లో దీని పేరు ప్రమేయం.

"మీ గ్రైండర్ పేరు ఎఫ్ అనుకో. ఎఫ్(మినప్పప్పు) అంటే పిండి. గ్రైండర్ ఇంటూ మినప్పప్పు కాదుగా?" అన్నాను. పిన్ని వంటింట్లోంచి నవ్వింది.

బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఆయన బెంగ వేరే. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయాక వచ్చిన డబ్బుతో నాలుగు నెలల క్రితం టిఫిన్ సెంటర్ పెట్టాడు. రోజూ గల్లా పెట్టెలో డబ్బు కనబడుతోంది, బ్యాంకులో మాత్రం కరిగిపోతోంది. ఇప్పుడు షాపు ఓనరు అద్దె మూడు వేలు పెంచమంటున్నాడు, లేదంటే ఖాళీ చెయ్యమంటున్నాడు.

"ప్లేటుకి పద్దెనిమిది రూపాయలు మిగులుతుందిరా. గిరాకీ లేని రోజు లాభమూ లేదు, నష్టమూ లేదు. మరి డబ్బెటు పోతోంది?" అన్నాడు.

తండ్రీకూతుళ్లు ఒకే తప్పు చేస్తున్నారని అప్పుడు అర్థమైంది. ఇద్దరి లెక్కలోనూ ఎఫ్(0) సున్నాయే.

చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కరెంటు బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాం. దోసెలు, పూరీలు ఉన్నాయి గానీ సగటున ప్లేటు ధర 30, సరుకూ గ్యాసూ కలిపి ఖర్చు 12, మిగిలేది 18. అద్దె నెలకి 9,000 అంటే రోజుకి 300. పని కుర్రాడికి 500. కరెంటు, నీళ్ల డబ్బాలు, ఇతరత్రా 100. మొత్తం 900. షట్టర్ ఎత్తితే చాలు, బోణీ కాకపోయినా ఈ 900 పోతుంది. ఎక్స్ ప్లేట్లు అమ్మిన రోజు మిగిలేది:

ఎఫ్(ఎక్స్) = 18ఎక్స్ − 900

"ఎఫ్(0) ఎంత?" అని అడిగాను. చెల్లి ఈసారి సున్నా అనలేదు. "మైనస్ తొమ్మిది వందలు" అని నాన్న వైపు చూసింది.

అడ్డంగా ప్లేట్లు, నిలువుగా రూపాయలు పెట్టి గ్రాఫ్ గీశాం. సరళరేఖకి రెండు బిందువులు చాలు కాబట్టి తేలికైనవే తీసుకున్నాం. ఎక్స్ సున్నా అయినప్పుడు గీత నిలువు అక్షాన్ని −900 దగ్గర తాకుతుంది. ఇది వై-అంతరఖండం. మిగులు సున్నా అయ్యేది ఎప్పుడు? 18ఎక్స్ = 900 అంటే 50 ప్లేట్ల దగ్గర. అక్కడ గీత అడ్డ అక్షాన్ని దాటుతుంది, అది ఎక్స్-అంతరఖండం. పుస్తకంలో ఈ పేర్లు చదివినప్పుడు నాకు రెండు చుక్కలే కనబడేవి. ఆ రోజు చూస్తే ఒకటి బాబాయ్ పొద్దున్నే మోసే బరువు, రెండోది ఆ బరువు దిగే చోటు. మధ్యలో ఉన్న 18 గీత వాలు, అంటే ఒక్కో ప్లేటుకీ ఆ బరువు ఎంత తగ్గుతుందో చెప్పేది.

"మామూలు రోజుల్లో ఎన్ని పోతాయి బాబాయ్?"

"నలభై అయిదు. ఆదివారం తొంభై."

ఎఫ్(45) అంటే −90. ఆరు రోజులకి −540. ఎఫ్(90) అంటే 720. వారమంతా కలిపి మిగిలేది 180 రూపాయలు! పిన్ని రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చట్నీలు చేస్తుంది. ఆవిడ కూలి ఈ సమీకరణంలో లేనే లేదు. వేస్తే ఎలా ఉంటుందో ఆ రోజు ఎవరం మాట్లాడలేదు.

అద్దె మూడు వేలు పెరిగితే రోజుకి వంద ఎక్కువ. గీత వాలు మారదు, గీత మొత్తం వంద కిందికి దిగుతుంది. 1000ని 18తో భాగిస్తే 55.55. అర ప్లేటు ఇడ్లీ ఎవరూ కొనరు కాబట్టి 56. వారం లెక్క 180 నుంచి −520కి పడింది. బాబాయ్ మొహం చూడలేకపోయాను.

నిజానికి అద్దె కంటే భయపడాల్సింది సరుకు ధరకి. అద్దె పెరిగితే ఎన్ని ప్లేట్లు అమ్మినా రోజుకి పోయేది ఆ వందే. ప్లేటు ఖర్చు మూడు రూపాయలు పెరిగిందనుకోండి, 45 ప్లేట్లకి 135, 90 ప్లేట్లకి 270 పోతాయి. గీత కిందికి దిగడం కాదు, పడుకుంటుంది. మీకు షాపు ఉంటే ఈ తేడా ఒకసారి కాగితం మీద చూసుకోండి.

అప్పుడు చెల్లే అడిగింది, "ప్లేటు 32 చేస్తే?" వాలు 20 అవుతుంది. కొత్త అద్దెతో ఎఫ్(ఎక్స్) = 20ఎక్స్ − 1000. మళ్లీ 50 ప్లేట్లే! వారానికి మిగిలేది 200.

"రెండు రూపాయల చిల్లర ఎవరిస్తార్రా?" అన్నాడు బాబాయ్.

"అందరూ ఫోన్‌లోనే కొడుతున్నారుగా నాన్నా" అంది చెల్లి.

ఈ గీతని ఎంత దూరమైనా నమ్మొచ్చా అంటే, లేదు. ప్లేటు 32 అయితే కొందరు పక్క బండికి పోవచ్చు. 120 దాటితే రెండో కుర్రాడు కావాలి, అప్పుడు సమీకరణమే మారుతుంది. మిగిలిపోయిన పిండి పులిసిపోతుంది, అది ఏ ఎక్స్‌లోనూ లేదు. ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. ఆయన కరెంటు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒకటో తారీకు నుంచి బోర్డు మీద 32. మొదటి రోజు సాయంత్రం చెల్లి మెసేజ్ పెట్టింది, 43 అని. మర్నాడు 47. మూడో రోజు నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది.

"52. ఎఫ్(52) = 40 అన్నయ్యా."